తీగ ఎక్కడ తెగింది?

2025 ఆగస్టు 17, ఆదివారం రాత్రి. హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్ర ముగింపుకొచ్చింది. రథాన్ని లాగే బండి మధ్యలో ఆగిపోవడంతో జనమే చేతులు వేసి రథాన్ని ముందుకు కదిలించారు. కొద్ది దూరం వెళ్లగానే రథానికి కరెంటు పాకింది. ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. మర్నాడు రాత్రి బండ్లగూడలో వినాయక విగ్రహాన్ని తీసుకెళ్తుండగా మరో ఇద్దరిని కరెంటు పొట్టన పెట్టుకుంది. చవితికి అప్పటికి ఇంకా తొమ్మిది రోజులుంది.

స్తంభాలకు వేలాడుతున్న కేబుల్ తీగ 11 కేవీ లైనుకు తగిలి, ఆ కరెంటును రథం దాకా మోసుకొచ్చిందని విద్యుత్ అధికారులు ప్రాథమికంగా చెప్పారు. విద్యుత్ శాఖను కూడా చూస్తున్న ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క, స్తంభాల మీది కేబుళ్లను తొలగించమని ఆదేశించారు. విద్యుత్ పంపిణీ సంస్థ దక్షిణ డిస్కం సిబ్బంది కట్టర్లు పట్టుకుని నిచ్చెనలెక్కారు. ఏళ్ల తరబడి పేరుకుపోయిన నల్లటి తీగల కట్టలు ఒక్కో వీధిలో నేల మీద పడ్డాయి. వాటిలో టీవీవి ఉన్నాయి, ఎవరూ వాడని పాతవి ఉన్నాయి, ఆ క్షణంలో ఎవరింట్లోనో మీటింగు నడుస్తున్న ఇంటర్నెట్‌వీ ఉన్నాయి.

ఇక్కడి నుంచి చెప్పేది ఒక గదిలో నడిచిన కథ. ఆ వారం నగరంలో ఎన్నో ఇళ్లలో జరిగినదాన్ని ఒకే ఇంట్లోకి తెచ్చి, మనుషుల పేర్లు లేకుండా చెబుతున్నాను.

కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. ఆమె హైటెక్ సిటీలోని ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఆ రోజు ఇంటి నుంచే పని. బల్ల మీద ఉబుంటు లైనక్స్ నడిచే డెస్క్‌టాప్, దాని వెనక నుంచి గోడ మూలలోని రూటర్ దాకా నీలం రంగు ల్యాన్ కేబుల్. వైఫై మీద ఆమెకు నమ్మకం తక్కువ. రాత్రి తొమ్మిదిన్నరకు, అంటే న్యూయార్క్‌లో మధ్యాహ్నం పన్నెండుకు, కొత్త రిలీజ్ సర్వర్ల మీదికి వెళ్లాలి.

సాయంత్రం ఆరు దాటాక తెర మీద మాటలు ఆగిపోయాయి. పై మూలన వైర్డ్ నెట్‌వర్క్ బొమ్మ మీద ప్రశ్నార్థకం కనిపించింది. కేబుల్ తగిలే ఉంది, ఆవలికి దారి మాత్రం లేదని దానర్థం.

ఆమె అనుమానం సొంత మెషీన్ మీదికే వెళ్లింది. దానికి కారణం ఉంది. ఆ ఉదయమే లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌కు అప్‌డేట్ వేసి రీస్టార్ట్ చేసింది. కంప్యూటర్లో ఉన్నది రియల్‌టెక్ నెట్‌వర్క్ చిప్. లైనక్స్‌లో ఆ చిప్పుకు కెర్నల్‌తో వచ్చే డ్రైవర్ ఒకటి, కంపెనీ ఇచ్చే డ్రైవర్ మరొకటి. ఈ రెండింటి మధ్య పడిన తికమకతో రాత్రులు పోగొట్టుకున్న ఇంజినీర్లు మన ఐటీ కారిడార్‌లో తక్కువేం లేరు. పొద్దున మార్చింది సాయంత్రం చెడిందంటే వేలు ముందు అటే చూపిస్తుంది.

టెర్మినల్ తెరిచి ‘ఐపీ లింక్’ అని కొట్టింది. ఈథర్నెట్ పోర్టు ‘అప్’ అని ఉంది, పక్కనే ‘లోయర్ అప్’ అనీ ఉంది. అంటే కేబుల్ అవతలి కొసన ఎవరో పలుకుతున్నారు. కేబులే ఊడి ఉంటే ‘నో క్యారియర్’ అని వచ్చేది. తర్వాత ‘ఈథ్‌టూల్’ అడిగింది. లింక్ దొరికింది, అవును. వేగం 100 మెగాబిట్లు. అక్కడ ఆమె కనుబొమ్మలు ముడిపడ్డాయి. పోర్టు గిగాబిట్‌ది, రూటరూ గిగాబిట్‌దే. 1000 ఉండాల్సిన చోట 100 ఎందుకుంది? డ్రైవరే తేడా చేస్తోందన్న అనుమానం బలపడింది.

మెషీన్ ఆపి, బూట్ మెనూలోంచి పాత కెర్నల్ ఎంచుకుని మళ్లీ లేపింది. అదే ప్రశ్నార్థకం. అదే 100.

వరండాలోంచి మామగారు వచ్చారు. హన్మకొండలో టెలిఫోన్ శాఖ లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి.

‘‘టీవీ గూడ పోయింది బిడ్డా. నీది గూడ పోయిందా?’’

‘‘పోయింది మామయ్యా. నా సిస్టమ్‌లోనే ఏదో అయిందనుకుంటున్నా.’’

‘‘టీవీ, కంప్యూటరు ఒక్కపాలి పోతే సిస్టమ్ల ఎందుకుంటది?’’

ఆ మాటలో నలభై ఏళ్ల ఫీల్డు పని ఉంది. ఫోను మూగబోతే లైన్‌మన్ ఇంట్లో సెట్టు విప్పడు. వీధిలో ఇళ్లకు లైన్లు పంచే డీపీ బాక్సు దగ్గర లైను పరీక్షిస్తాడు. అక్కడ డయల్ టోను ఉంటే దోషం ఇంటివైపు, లేకపోతే ఎక్స్ఛేంజి వైపు. సగం దారిని ఒక్క దెబ్బకు పక్కన పెట్టే పద్ధతి అది. అలాగని కోడలి పద్ధతి తక్కువదని నేననను. ఆమె కొట్టిన ప్రతి కమాండూ ఒక అనుమానాన్ని రుజువుతో కొట్టేసింది. రాత్రికి పూచీ పడాల్సిన పని ముందున్నప్పుడు తన పరికరం నిర్దోషి అని తెలుసుకోవడం కూడా పనిలో భాగమే.

ఈసారి ఆమె దారి మధ్యకు వెళ్లింది. ‘ఐపీ అడ్రస్’ చూస్తే 192.168.1తో మొదలయ్యే అంకె ఉంది. అంటే రూటర్ చిరునామా ఇచ్చింది. రూటర్‌ను పింగ్ చేస్తే ఒక మిల్లీసెకను లోపే జవాబు వచ్చింది. ఆ తర్వాత గూగుల్ నడిపే 8.8.8.8ను పింగ్ చేసింది. జవాబు లేదు. పేరును అంకెగా మార్చే డీఎన్ఎస్ ఒక్కటే చెడి ఉంటే ఈ అంకెల చిరునామా పలకాలి. అదీ పలకలేదు. లైనక్స్, డ్రైవర్, నీలం కేబుల్, రూటర్‌లో ఇంటివైపు భాగం, అన్నీ పని చేస్తున్నాయి. దారి ఆగింది రూటర్ అవతల.

అప్పటికే మామగారు గోడ మూలకు వెళ్లి వంగి చూస్తున్నారు. రూటర్ పక్కన ఫైబర్ తీగ దిగే చిన్న డబ్బా మీద ‘లాస్’ అని రాసిన దీపం ఎర్రగా మినుకుతోంది. ఫైబర్లోంచి రావలసిన వెలుగు రావడం లేదని ఆ దీపం చెప్పే సంగతి.

ఆమె కేబుల్ కుర్రాడికి ఫోన్ చేసింది. చాలాసేపు ఎంగేజ్. ఎట్టకేలకు ఎత్తాడు.

‘‘అక్కా, లాల్ లైట్ వస్తున్నదా?’’

‘‘వస్తోంది తమ్ముడూ. నా వైపు అన్నీ చెక్ చేశాను, రూటర్ దాకా బాగానే ఉంది.’’

‘‘మీ ఇంట్ల ఏం లేదక్కా. కరెంటోళ్లు మన గల్లీ పోల్ కాడ మొత్తం కోసిన్రు. గల్లీ మొత్తం బంద్. పొద్దుగాల నుంచి గిదే పని, ఒక దగ్గర అతుకు పెడ్తుంటే ఇంకో దగ్గర కోస్తున్నరు.’’

‘‘ఇవాళ అవుతుందా?’’

‘‘చెప్పలేనక్కా. కోషిష్ చేస్త.’’

తొమ్మిదిన్నర ఆగదు. ఆమె మొబైల్‌ను యూఎస్‌బీ తీగతో డెస్క్‌టాప్‌కు కలిపి టెథరింగ్ ఆన్ చేసింది. లైనక్స్ దాన్ని ఇంకో వైర్డ్ కనెక్షన్‌గా గుర్తించి చిరునామా తెచ్చుకుంది. వీడియో కాల్ ముక్కలు ముక్కలైంది, అందుకని కాల్ వదిలేసి చాట్‌లో రాసింది: నా దగ్గర లైను తెగింది, టెర్మినల్ ఉంది, రిలీజ్ నేనే చేస్తాను. దూరాన ఉన్న సర్వర్లోకి ఎస్ఎస్‌హెచ్ ద్వారా వెళ్లి అక్షరాల్లో ఆజ్ఞలివ్వడానికి చాలా కొద్ది డేటా చాలు. బరువైన పనంతా అవతలి డేటా సెంటర్లోనే జరుగుతుంది. పని పూర్తయ్యేసరికి పది దాటింది.

స్తంభం మీది ఆ తీగ సంగతి ఇక్కడ వివరంగా చెప్పాలి, ఎందుకంటే రామంతాపూర్‌లో ఐదుగురి చావు, ఈ గదిలోని ఎర్ర దీపం కథ అక్కడే కలుస్తాయి. ఇంటికి వచ్చే ఫైబర్ గాజు పోగు. వెలుగు నడిచే లోపలి దారి దాదాపు 9 మైక్రాన్లు, దాని చుట్టూ గాజు తొడుగు కలిపితే 125 మైక్రాన్లు. వీధి చివర ఒకే పోగును స్ప్లిటర్ 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతుంది. గాజులో కరెంటు పారదు. కానీ స్తంభం నుంచి స్తంభానికి వేలాడాలంటే గాజు ఒక్కటే బరువు ఆపలేదు. అందుకే చాలా కేబుళ్లలో పక్కన ఉక్కు తీగ ఉంటుంది. టీవీ కోయాక్సియల్‌లో లోపల లోహపు తీగ, పైన లోహపు అల్లిక. ఇలాంటి కేబుల్ జారి 11 వేల వోల్టుల లైనుకు తగిలితే, గాలికో వానకో ప్లాస్టిక్ తొడుగు అరిగితే, ఆ లోహంలోంచి కరెంటు వీధిలోకి దిగుతుంది.

అసలు దోషం మనందరం చూస్తూ వదిలేసిన చోట ఉంది. కనెక్షన్ మార్చిన ప్రతిసారీ కొత్త కంపెనీ కొత్త తీగ కడుతుంది. పాతదాన్ని ఎవరూ విప్పరు. విప్పమని ఎవరూ అడగరు. అలా ప్రాణం లేని తీగలు పేరుకుంటాయి, వాటి బరువుకు ప్రాణమున్న తీగలూ కిందికి జారతాయి. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించడంతో మొదలైన ఈ ఐటీ కారిడార్ క్యాంపస్‌లలో తీగలు నేల కింద డక్టుల్లో నడుస్తున్నాయి. ఆ క్యాంపస్‌లలో పనిచేసేవాళ్లు నిద్రపోయే వీధుల్లో మాత్రం అవి కరెంటు స్తంభాల మీదే ఉన్నాయి. 2020 తర్వాత ఆఫీసే ఇంటికొచ్చాక ఆ వీధి స్తంభమే ఆఫీసు నెట్‌వర్క్‌కు చివరి మజిలీ అయింది. పల్లెలకు ఇంటర్నెట్ ఇవ్వాలనుకున్నప్పుడు ఇదే రాష్ట్రం మిషన్ భగీరథ నీటి పైపుల కందకాల్లోనే ఫైబర్ వేసింది. నేల కింద తీగ వేయడం మనకు చేతకానిది కాదు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలో ఉమ్మడి డక్టులు, కేబుల్ కారిడార్ల ప్రస్తావన కూడా ఉంది. మన వీధుల్లో వాటి కోసం గుంత తవ్వాలి, అంతే.

తీగలు కోసిన వారంలోనే ఎయిర్‌టెల్ హైకోర్టుకు వెళ్లింది. అనుమతి ఉన్న కేబుల్ ఏది, లేనిది ఏది అన్నది అక్కడ కీలకమైంది. కట్టర్ పట్టుకుని నిచ్చెన మీదున్న మనిషికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? తీగ మీద కంపెనీ పేరు, అనుమతి సంఖ్య కనిపించేలా బిళ్ల ఉంటేనే తెలుస్తుంది. ఐదుగురు చనిపోయాక కోయడం ప్రభుత్వానికి తప్పనిసరి అయింది, దాన్ని నేను తప్పుపట్టలేను. బిళ్లలు కట్టే పని మాత్రం ఆ చావులకు ఏళ్ల ముందే జరగాల్సింది.

రాత్రి పదకొండు దాటాక కుర్రాడు వచ్చాడు. చొక్కా తడిసి ఉంది. వీధి దీపం కింద చిన్న పెట్టె తెరిచి, తెగిన రెండు కొసలూ ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, క్లీవర్‌తో నిటారుగా కోసి ఫ్యూజన్ మెషీన్‌లో పెట్టాడు. మెషీన్ రెండు గాజు కొసలను ఎదురెదురుగా నిలిపి విద్యుత్ మెరుపుతో కరిగించి ఒకటి చేసింది. ఆ మెరుపు క్షణమే ఉంటుంది. దానికి ముందు శుభ్రం చేసే ఓపికే అసలు పని. నగరంలో ఇలాంటి కుర్రాళ్లు ఆ వారం ఎన్ని అతుకులు పెట్టారో, ఎంతమంది రబ్బరు గ్లవుజులు లేకుండా స్తంభాల దగ్గర నిలబడ్డారో ఆలోచిస్తే నాకు భయమేస్తుంది. ఇంటర్నెట్ ఎందుకు రాలేదని అరిచిన ఫోన్లన్నీ వాళ్లకే వెళ్లాయి.

పైన ఎర్ర దీపం ఆరింది. ప్రశ్నార్థకం పోయింది. 8.8.8.8 పలికింది.

అయినా ఆమె లేవలేదు. ఆ 100 ఇంకా మిగిలే ఉంది. వేగం కొలిస్తే 94 మెగాబిట్ల దగ్గరే ఆగింది, కట్టే డబ్బు 300కి. బయటి తీగ అతికాక కూడా ఉన్నదంటే ఇది వేరే దోషం. పాత కెర్నల్‌లోనూ ఇదే అంకె కాబట్టి డ్రైవర్ది కాదు. నీలం కేబుల్‌ను చేత్తో తడుముతూ వెళ్తే బల్ల కాలు కింద నలిగిన చోటు దొరికింది.

‘‘ఇంకా ఏం చూస్తున్నవ్ బిడ్డా?’’ అన్నారు మామగారు.

‘‘ఇందులో నాలుగు జతల తీగలుంటాయి మామయ్యా. వందకి రెండు జతలు చాలు. వెయ్యికి నాలుగూ కావాలి. ఎక్కడో ఒక జత తెగినట్టుంది.’’

‘‘జత తెగితే మా దాంట్ల అసలు మాటనే రాకపోతుండె.’’

సొరుగులోంచి కొత్త ప్యాచ్ కార్డ్ తీసి పెట్టింది. ఈథ్‌టూల్ ఈసారి 1000 అంది. రెండు దోషాలు ఒకే సాయంత్రం కలిసి కనబడితే ఒకటే అనుకోవడం సహజం. మొదటిది తీరేదాకా రెండోదాన్ని పక్కన రాసిపెట్టుకుని, తర్వాత మర్చిపోకుండా దాని దగ్గరికి వెళ్లడమే ఆ రాత్రి ఆమె చేసిన మంచి ఇంజినీరింగు అని నేననుకుంటాను.

సంతకం కోసం పైకొచ్చిన కుర్రాడికి మామగారు మంచినీళ్లిచ్చారు.

‘‘మళ్ల ఆ పోల్‌కే కట్టినవా బాబూ?’’

‘‘లేదంకుల్, పోల్ ముట్టొద్దన్నరు. మేడల మీదికెల్లి తీసినం.’’

‘‘మేడలోళ్లను అడిగిన్రా మరి?’’

‘‘ఇద్దరు సరేనన్నరు. కార్నర్ బిల్డింగాయన ఇంకా ఒప్పుకోలే. ఇప్పటికైతే ఆయన గోడ పక్క చెట్టు మీదికెల్లి గుంజినం. పొద్దుగాల పోయి మల్ల అడగాలె.’’