108 అత్యవసర సేవ: తెనాలి, బాపట్ల, రేపల్లె

108 అంటే ఫోన్ చేస్తే వైద్య సిబ్బందితో ఇంటి ముందుకొచ్చే ఉచిత అంబులెన్స్ సేవ. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ప్రారంభమైంది. కాల్ కేంద్రంలో వివరాలు నమోదు కాగానే, జీపీఎస్ సాయంతో దగ్గరలోని బండిని పంపుతారు. ఆసుపత్రికి వెళ్లే దారిలోనే బండిలోని వైద్య టెక్నీషియన్ చికిత్స మొదలుపెడతాడు. 2020 జులై 1న విజయవాడలో 108తో పాటు 104 (సంచార వైద్య) సేవలకు 1088 కొత్త వాహనాలు ప్రారంభించారు.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో అసలు చిక్కు దూరమే. తెనాలి నుంచి గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రికి సుమారు 25 కిలోమీటర్లు; బాపట్ల, రేపల్లెల నుంచి రెట్టింపు, అంతకన్నా ఎక్కువ. గుండెపోటులో ప్రతి నిమిషం విలువైనదే గనుక, రేపల్లె వైపు కృష్ణా లంకలవారికి ఈ దూరం ప్రాణాంతకం కావచ్చు. దూరం తగ్గకపోయినా, రోగి ఈసీజీ, రక్తపోటు వివరాలు ముందుగానే పెద్దాసుపత్రికి చేరితే అక్కడి వైద్యులు సిద్ధంగా ఉండగలరు. రోడ్డు బాగుంటే సరిపోదు, సమాచారం బండికన్నా ముందు నడవాలి.