లోవాట్ ఫ్రేజరులు

1747 ఏప్రిల్ 9న లండను టవర్ హిల్లుపై వృద్ధుఁడగు స్కాట్లండు లోవాట్ ప్రభువు సైమన్ ఫ్రేజరు తల తెగినది. ఆ వింత చూడవచ్చిన జనుల బరువునకు ఒక మంచె కూలి పలువురు మరణించిరి. బ్రిటనులో శిరశ్ఛేద శిక్షచే ప్రాణములు విడిచినవారిలో కడపటివాఁడు అతఁడే. రాజద్రోహమునకుఁ గాను జమీ యావత్తు ప్రభుత్వవశమయ్యెను. అయినను, రాజుపై లేచిన ఆ తిరుగుబాటుదారుల పక్షమునఁ జేరి పిమ్మట క్షమాభిక్ష వడసిన కుమారుఁడు, చేత సెంటు భూమి లేకయే, 1757లో తన వంశీయులను వందలుగా పిలిచి, తండ్రి తల తీయించిన రాజునకే ఒక పటాలమును సమకూర్చెను! సామాన్యులకు చట్టము నిషేధించిన గళ్ళ కిల్టు సైనికులకు మాత్రము చెల్లుట వారికొక ఆకర్షణ యైయుండును. 1759లో క్విబెక్ మైదానమున వారు వెడల్పు కత్తులు దూసి ఫ్రెంచివారిని తరిమిరి. 1774లో ఆ జమీ అతనికి తిరిగి వచ్చెను. ఊరక కాదు, 20,000 పౌండ్లకు పైగా చెల్లించిన మీఁదట. రెండవ ప్రపంచయుద్ధమున, 1944 జూన్ 6న మఱొక లోవాట్ ప్రభువు నార్మండీ తీరమున దిగినపుడు, నీటిలో అతని వాద్యకారుఁడు బ్యాగ్‌పైపు ఊదుచుండెను.