మేస్త్రీ కుర్చీలో ఆఫీసరు

రెండేళ్ళ కిందట, నా వద్ద బి.ఏ. చదివిన కుర్రవాడొకడు తెనాలిలో మా ఇంటికి వచ్చాడు. రేపల్లె దగ్గరి పల్లెటూరు అతనిది. తల్లి చాలాకాలం రైసుమిల్లులో ధాన్యం ఎండబోసే పనికి వెళ్ళింది. అతను సోషల్ వర్కులో పై చదువు చదివి, ఒక పెద్ద ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసరుగా చేరాడు. ఆ ఫ్యాక్టరీ పేరు ఇక్కడ అనవసరం. అతని చేతిలో యాజమాన్యం ఇచ్చిన కాగితం ఒకటి వుంది. అంతకు ముందురోజు పని మానేసి గేటు ముందు కూర్చున్న ఆడవాళ్ళ పేర్లు రాసి ఇవ్వాలనీ, వారికి పంపబోయే సంజాయిషీ నోటీసును తేలిక తెలుగులోకి మార్చాలనీ దాని సారాంశం. "నోటీసులో తెలుగు కాస్త సరిచేసి పెట్టండి మాస్టారూ" అన్నాడు. కొంచెంసేపు వూరుకుని, "అసలిది నా పనేనంటారా?" అని కూడా అడిగాడు.

మొదటి కోరికకు పది నిమిషాలు చాలు. రెండవదానికి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. సాహిత్యం చెప్పుకునేవాడికి ఫ్యాక్టరీ చట్టంతో పనేమిటని ఇన్నాళ్ళూ అనుకోవడం ఎంత పొరపాటో ఆనాడు తెలిసింది. ఆ ప్రశ్న పట్టుకుని చదివినదాన్ని ఇక్కడ పాఠకుల ముందు పెడుతున్నాను.

ఈ ఉద్యోగం ఆకాశంలోనుంచి వూడిపడలేదు. దీనికి ముందు ఆ కుర్చీలో మేస్త్రీ వున్నాడు. తెలుగు కూలీకి పెద్ద పరిశ్రమతో తొలి పరిచయం చాలావరకు మేస్త్రీ ద్వారానే జరిగింది. విశాఖపట్నం, గోదావరి జిల్లాలనుంచి వేలాదిమంది సముద్రం దాటి రంగూను వెళ్ళి అక్కడి బియ్యపు మిల్లుల్లోను, రేవులోను పనిచేశారు. కోరంగి రేవు పేరుమీద వారిని అక్కడ 'కోరంగీలు' అన్నారు. ఓడ ఛార్జీ పెట్టుకుని, బయానా చేతిలో పెట్టి తీసుకుపోయేవాడు మేస్త్రీ. కంపెనీ దగ్గర కూలి పుచ్చుకుని తన వాటా పట్టుకుని మిగతాది పంచేవాడూ అతనే. అప్పిచ్చేవాడు, పనినుంచి పొమ్మనేవాడు, వూరికి జాబు రాయించేవాడు కూడా అతనే. కంపెనీ దొరకు కూలీ ముఖం తెలియదు, తెలియనక్కరలేదు కూడా. కలకత్తా జనపనార మిల్లుల్లో సర్దారు, బొంబాయి బట్టల మిల్లుల్లో జాబరు అన్నా మనిషి మాత్రం ఇతనే.

ఈ పద్ధతి ఎంతవరకు తీసుకుపోతుందో 1930లో రంగూను చూసింది. ఆ సంవత్సరం మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలిరేటు కోసం సమ్మె కట్టారు. వారి స్థానంలో బర్మా కూలీలను దింపారు. సమ్మె పరిష్కారమై తెలుగువారు తిరిగి పనిలోకి వచ్చేసరికి, మొన్న పిలిచిన బర్మా కూలీలను ఇక పొమ్మన్నారు. మే 26న మొదలైన కొట్లాట కొన్ని రోజులపాటు నగరాన్ని రక్తసిక్తం చేసింది. ఓడల కంపెనీల లెక్కల పుస్తకంలో పుట్టిన తగాదా వీధిలోకి వచ్చేసరికి రెండు జాతుల తగాదా అయింది. రెండు పక్షాలా చచ్చినవారు కూలీలే.

సరిగా ఆ రోజుల్లోనే విట్లీ అధ్యక్షతన రాయల్ కమిషన్ దేశంలో కార్మికుల స్థితిగతులు విచారిస్తున్నది. 1929లో నియమితమైన ఈ కమిషన్ 1931లో నివేదిక ఇచ్చింది. అందులో ఎన్.ఎం.జోషీ, శ్రీనివాసశాస్త్రి కూడా సభ్యులు. మేస్త్రీల లంచగొండితనానికి ఆ కమిషన్ చెప్పిన విరుగుడు 'లేబరు ఆఫీసరు'. పెద్ద ఫ్యాక్టరీల్లో ఈ ఆఫీసరు ఉండాలి. జనరల్ మేనేజరుకు తప్ప ఇంకెవరికీ లోబడకూడదు. కొత్తవారిని స్వయంగా అతనే చేర్చుకోవాలి. మేనేజరు తానై తీసివేస్తే తప్ప, అతని సమ్మతి లేకుండా ఎవరినీ తీసివేయకూడదు. గమనించవలసిన విషయమేమంటే, ఈ సలహాలో మేస్త్రీ అధికారం పోయింది కాని, అది కార్మికుని చేతికి రాలేదు. మేస్త్రీ చేతిలోనుంచి ఆఫీసరు చేతిలోకి మారింది.

సమ్మె వచ్చినప్పుడల్లా ఈ ఆఫీసరు ఒక మెట్టు పైకి వచ్చాడు. 1934లో బొంబాయి బట్టల మిల్లుల సార్వత్రిక సమ్మె, అదే సంవత్సరం తగాదాల రాజీ చట్టం, దానికింద ప్రభుత్వ లేబరు ఆఫీసరు, అతనికి పోటీగా మిల్లు యజమానుల సొంత లేబరు ఆఫీసర్లు. 1937లో బెంగాలులో జనపనార సమ్మె, దాని వెనకే అక్కడి మిల్లుల సంఘం లేబరు ఆఫీసర్లు. మన రాజధానిగా వుండిన మద్రాసు సంగతి ఇంకా ముందుది. 1918లో మద్రాసు లేబరు యూనియన్ పుట్టింది. 1921లో బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లుల సమ్మె నెలల తరబడి సాగింది. ఆది ద్రావిడ కార్మికులను మిగతావారికి ఎదురు నిలిపారు. కాల్పులు జరిగాయి. సమ్మె ఓడింది. మరుసటి సంవత్సరం, 1922లో, ఆ మిల్లుల్లో వర్క్స్ కమిటీ వెలిసింది. ఆ మిల్లుల బడులు, ఇళ్ళు, కాంటీను తరువాత దేశమంతటికీ ఆదర్శ సంక్షేమంగా చెప్పబడ్డాయి. ఆ ఇళ్ళు మంచివే కావచ్చు. కాని యూనియన్ నడుము విరిగిన చోట సంక్షేమం చిగురించిందన్న సంగతి ఆదర్శాలు చెప్పేవారు చెప్పరు.

'సంక్షేమం' అనే మాట గురించి ఒక్క మాట. రంగూనునుంచి వచ్చిన జాబైనా, పక్క వూరినుంచి వచ్చిన కార్డైనా, మన ఇళ్ళలో 'క్షేమం' అన్న మాట లేకుండా మొదలయ్యేది కాదు. క్షేమం కోరుకునేది, ఎదుటివారు దయ తలిస్తే కలిగేది. హక్కు అడిగి తీసుకునేది. 1944లో నియమితమైన రేగే కమిటీ 1946లో తన నివేదికలో సంక్షేమాన్ని నిర్వచిస్తూ, చట్టం చెప్పినదానికీ, కార్మికులు బేరమాడి సాధించుకున్నదానికీ పైన చేసే మేలు అన్న అర్థం ఇచ్చింది. అంటే బేరంలో దక్కకుండా మిగిలిన సొమ్ముతో చేసే దానమన్నమాట. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టుందని మా ఇంట్లో పెద్దవాళ్ళయితే అనేవారు.

1948 ఫ్యాక్టరీ చట్టం ఈ దానాన్ని కొంతవరకు చట్టం చేసింది. అది నిస్సంశయంగా ముందడుగు. 1949 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఆ చట్టంలో ఐదవ అధ్యాయం మొత్తం సంక్షేమానిదే. కాని అది ఒక అంకెల నిచ్చెన. యాభై మంది ఆడవాళ్ళకు మించి వుంటే పిల్లలను వుంచే గది (1976 సవరణతో ఈ అంకె ముప్పై అయింది). నూటయాభైకి మించితే కూర్చుని అన్నం తినే గది. రెండువందల యాభైకి మించితే కాంటీను. ఐదువందల మంది వుంటే 49వ సెక్షను కింద వెల్ఫేర్ ఆఫీసరు.

ఇప్పుడు ఈ నిచ్చెన పట్టుకుని తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో తిరిగి చూద్దాం. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తి కావడంతో కృష్ణ పడమటి డెల్టా వరిసీమ అయింది. 1916లో తెనాలినుంచి రేపల్లెకు రైలు వచ్చింది. కాలువల నీటికి ధాన్యం, ధాన్యానికి మిల్లు, మిల్లుకు రైలు. ఈ సీమలో పరిశ్రమ అంటే ప్రధానంగా ఇదే. ఒక్కొక్క మిల్లులో పనివారు పదుల సంఖ్యలో మాత్రమే వుంటారు. బస్తాలు మోసే ముఠా వేరు, ఎండబోసే ఆడవాళ్ళు వేరు, మరపట్టేవారు వేరు. ముఠాకు మేస్త్రీ వున్నాడు. అంతమంది మీదా ఆఫీసరు మాత్రం లేడు, చట్టప్రకారం వుండనక్కరలేదు. అన్ని మిల్లుల జనాన్నీ ఒకచోట నిలబెడితే వేలమంది. విడివిడిగా లెక్కపెడితే నిచ్చెన మొదటి మెట్టు దగ్గరే నిలిచిపోతారు. ఊక దుమ్ము మాత్రం పనివారి సంఖ్య చూసి లేవదు.

మిల్లే కాదు. 'శారద' పేరుతో రాసిన నటరాజన్ తమిళనాడునుంచి వచ్చి తెనాలి హోటళ్ళలో పనిచేస్తూ తెలుగు నేర్చి, నవలలు రాసి, 1955లో చిన్న వయసులోనే పోయాడు. అతని నవలలను మెచ్చుకుంటూ వ్యాసాలు రాసే మనం, అతను రోజుకెన్ని గంటలు నిలబడి పనిచేశాడో, జబ్బు చేసిననాడు కూలి ఎవరిచ్చారో అడగడం మరిచిపోతాం. హోటలు ఫ్యాక్టరీ కాదు కదా.

చీరాల సంగతి వేరు. ఊరు కదలకుండానే గుంటూరు జిల్లానుంచి 1970లో ప్రకాశంలోకి, 2022లో బాపట్ల జిల్లాలోకి మారిన ఈ పట్నంలో పొగాకు ఫ్యాక్టరీ వుంది. 1912లో ఏర్పడిన ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీది అది. జనం నోట ఐ.ఎల్.టి.డి.; తరువాత ఐ.టి.సి.లో ఒక విభాగమైంది. వర్జీనియా ఆకును రకాలుగా ఏరడం, ఈనె తీయడం, మళ్ళీ ఆరబెట్టడం ఈ పరిశ్రమ పని. ఇందులో ఆడవాళ్ళ చేతులే ఎక్కువ. పని సీజనులో వుంటుంది. సీజను అయిపోతే ఆ చేతులు ఇళ్ళకు పోతాయి. చట్టంలోని 'సాధారణంగా పనిచేసే ఐదువందల మంది' అన్న మాటలో ఈ 'సాధారణంగా' అన్న పదానికి ఇలాంటి పరిశ్రమలో ఎంత బరువుందో చూడండి. ఏడాదిలో కొన్ని నెలలే పనివున్న మనిషి సాధారణమా, అసాధారణమా? కాంట్రాక్టరు తెచ్చిన మనిషి లెక్కలోకి వస్తాడా, రాడా? నా మట్టుకు ఆకు ఫ్యాక్టరీలో సీజనే సాధారణం. మిగతా నెలలే అసాధారణం. వ్యాకరణం కూడా ఇందుకు ఒప్పుకుంటుంది.

ఇక ఆఫీసరు విధుల విషయం. రాష్ట్రాలు చేసిన నియమాల్లో ఇవి దాదాపు ఒకే తీరున వున్నాయి. కార్మికుల ఫిర్యాదులు యాజమాన్యం దృష్టికి తేవాలి. కార్మికుల దృక్పథాన్ని అర్థం చేసుకోవాలి. కాంటీను, మంచినీళ్ళు, మరుగుదొడ్లు, పిల్లల గది, జీతంతో సెలవులు సరిగా అమలయ్యేటట్టు చూడాలి. అదే చేత్తో యాజమాన్యం కార్మిక విధానం రూపొందించుకోవడానికి తోడ్పడాలి, ఉత్పాదక శక్తి పెరిగేటట్టు ఇరుపక్షాల మధ్య సామరస్యం నెలకొల్పాలి. చట్టవిరుద్ధమైన సమ్మె చేయవద్దని కార్మికులకు, చట్టవిరుద్ధమైన లాకౌటు చేయవద్దని యజమానికి నచ్చజెప్పాలి. చట్టబద్ధమైన సమ్మెలో తటస్థంగా వుండాలి. జీతం యజమాని ఇస్తాడు, తటస్థత చట్టం అడుగుతుంది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు ఏ పడవ తాడు జీతానికి కట్టి వుందో ఆ వైపే ఒరుగుతాడు. దీనికి మనిషి మంచివాడా చెడ్డవాడా అన్నదానితో నిమిత్తం లేదు.

ఈ ఒరుగుదల ప్రభుత్వానికి తెలియకపోలేదు. వెల్ఫేర్ ఆఫీసరు కార్మికులపై క్రమశిక్షణ కేసులు నడపకూడదనీ, యాజమాన్యం పక్షాన కార్మికులకు వ్యతిరేకంగా కోర్టులో నిలబడకూడదనీ నియమాల్లో నిషేధం చేరింది. 1969లో గజేంద్రగడ్కర్ అధ్యక్షతన జాతీయ కార్మిక కమిషన్ కూడా యాజమాన్యం తరఫున తగాదాలు నడిపే పని ఈ ఆఫీసరుకు అప్పగించరాదని చెప్పింది. జరుగుతున్న పని కాకపోతే వద్దని ఎవరూ చెప్పరు. మా కుర్రవాడి చేతిలోని కాగితమే ఇందుకు సాక్ష్యం. ఇవాళ ఆ పని చేయించుకోవడం మరీ సులువైంది: వెల్ఫేర్ ఆఫీసరును హెచ్.ఆర్. విభాగంలో కూర్చోబెట్టి రెండు పేర్లూ ఒకే బల్ల మీద పెడుతున్నారు. పొద్దున క్షేమం, మధ్యాహ్నం చార్జిషీటు.

ఆ నియమాల్లో నన్ను ఆకర్షించిన అర్హత ఒకటుంది. ఫ్యాక్టరీలో ఎక్కువమంది కార్మికులు మాట్లాడే భాష ఆఫీసరుకు తగినంత తెలిసివుండాలి. మేస్త్రీకి ఈ నియమం అవసరం లేకపోయింది, అతనికి వున్న బలమే అది. నోటీసులోని గ్రాంథికం కూలీకి అర్థం కాదని తెలిసిన యాజమాన్యం దాన్ని తేలిక తెలుగులోకి మార్చమన్నది. వ్యావహారిక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది బడిలో పిల్లవాడికి చదువు అందడానికి. అదే భాషలో పనినుంచి తొలగింపు కూడా అందించవచ్చునని ఇక్కడ తెలుస్తున్నది. కార్మికుడి భాష తెలియడమంటే అతనికి చెప్పడం తెలియడమా, అతను చెప్పింది వినడం తెలియడమా అన్నది నియమం తేల్చలేదు.

ఇప్పుడు నియమాల పునాదే కదిలింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చాయి. వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో వెల్ఫేర్ ఆఫీసరుకు కావలసిన అంకె ఐదువందలనుంచి రెండువందల యాభైకి దిగింది. చప్పట్లు కొట్టేముందు కింది మెట్టు చూడాలి. కరెంటుతో నడిచేచోట పదిమంది, లేనిచోట ఇరవైమంది వుంటే పాత చట్టం దాన్ని ఫ్యాక్టరీ అన్నది. కొత్త కోడ్ ఇరవై, నలభై అంటున్నది. 1881లో వందమంది వుంటేగాని ఫ్యాక్టరీ కాదు. 1891లో యాభై అయింది. 1922లో ఇరవై అయింది. 1948లో పది అయింది. పరాయి ప్రభుత్వం కాలంనుంచి కూడా కిందికే దిగుతూ వచ్చిన ఆ అంకె ఇప్పుడు మొదటిసారి పైకి ఎక్కింది. పదిహేనుమందితో నడిచే మిల్లు ఈ లెక్కలో ఫ్యాక్టరీ కాదు. పైమెట్టు దించిన చేతులే కింది మెట్టు ఎత్తివేశాయి.

రెండవది ఇంకా సూక్ష్మమైనది. 1947 చట్టం ప్రకారం ముందస్తు నోటీసు లేని సమ్మె చట్టవిరుద్ధం కావడం ప్రజోపయోగ సర్వీసులకే పరిమితం. పారిశ్రామిక సంబంధాల కోడ్ పద్నాలుగు రోజుల నోటీసును అన్ని పరిశ్రమలకూ విధించింది. సగంమంది గాని, అంతకు మించి గాని ఒక్కసారిగా సెలవు పెట్టినా సమ్మె కిందనే లెక్క. మిషను వేడికి ఒక అమ్మాయి సొమ్మసిల్లి పడిపోతే తోటివాళ్ళు ఆ పూట పని ఆపి బయటికి వస్తారు. పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఎవరిస్తారు? అది ఇక చట్టవిరుద్ధమే. ఆఫీసరు తటస్థంగా వుండవలసింది చట్టబద్ధమైన సమ్మెలో కదా. చట్టబద్ధమైన సమ్మె కుంచించుకుపోయినకొద్దీ అతని తటస్థతకు చోటు కూడా కుంచించుకుపోతుంది. 'వద్దని నచ్చజెప్పడం' అన్న పని పెరుగుతుంది.

మా కుర్రవాడు వచ్చిననాటికి ఈ కోడ్‌లు అమలులోకి రాలేదు. ఆ ఆడవాళ్ళు కూర్చున్నది పిల్లల గది తాళం వేసి దాన్ని అట్టపెట్టెలు పెట్టుకునే గదిగా మార్చారని. గది సంగతి చూడడం సరిగ్గా అతని విధి. క్రమశిక్షణ నిషేధం గురించిన వాక్యం చూపించాను. దాన్ని తెలుగులో రాసివ్వమన్నాడు, రాసిచ్చాను. నోటీసు మాత్రం సరిచెయ్యలేదు. పేర్ల జాబితా తాను ఇవ్వలేనని అతను రాతపూర్వకంగా తెలియజేశాడు. జాబితా మరొకరు తయారుచేశారు. నోటీసులు వెళ్ళాయి, గ్రాంథికంలోనే. పిల్లల గది తాళం తీశారు. అతనికి ప్రొబేషన్ ఇంకో ఆరునెలలు పొడిగించారు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు, మధ్యాహ్నం భోజనాలవేళ ఆ ఆడవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళు చెప్పినవి ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నానని చెప్పాడు. ఆ పుస్తకం మేనేజరు అడుగుతున్నాడట.