గడిలో పడనివారు

1931 జనాభా లెక్కల నాటికి మా బరంపురం మద్రాసు రాజధానిలో ఉండేది. 1936లో గంజాం ఒరిస్సాలో చేరిన కథ తెలిసినవారికి, ఆ లెక్కల్లో మాతృభాష గడి ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు. ఆ కాగితాల్లోనే ఇంకో గడి ఉండేది: చూపులేనివారు, చెవిటి మూగవారు, కుష్ఠురోగులు, మతి చలించినవారు ఎందరని. 1872 నుంచి వస్తున్న ఆ గడిని 1941లో తీసేశారు.

స్వాతంత్ర్యం వచ్చాక మూడు లెక్కల్లోనూ అది లేదు. అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరమైన 1981లో తిరిగివచ్చి, 1991లో మళ్లీ పోయింది. ఆ విధంగా 1995లో పార్లమెంటు వికలాంగుల చట్టం చేసి, ఉద్యోగాల్లో 3 శాతం కేటాయించేనాటికి నమూనా సర్వేలే ఆధారం. వికలాంగుల సంఘాలు పట్టుబట్టగా 2001లో ఆ ప్రశ్న చేరింది. 2.19 కోట్లమంది తేలారు. 2011లో 2.68 కోట్లు, జనాభాలో 2.21 శాతం.

నేను కామర్సు చదివినవాణ్ణి. ఏ పథకం బాగోగులు చూడాలన్నా ఎంత ఖర్చయిందన్నది ఒక పద్దు, ఎవరికి అందలేదన్నది రెండో పద్దు. ఈ రెండోది ఎవరూ రాయరు. 2009లో కేంద్రం ఇందిరాగాంధీ వికలాంగ పింఛను పెట్టింది. నెలకు 200 రూపాయలు, 2012లో 300 అయింది. అదీ దారిద్ర్యరేఖకు దిగువన ఉండి, 80 శాతం వైకల్యం ఉన్నవారికే. రిజర్వేషన్లకు చట్టం 40 శాతం చాలంటుంది. నడుమ మిగిలినవారికి రాష్ట్రాల పథకాలే దిక్కు. 2016 చట్టం వైకల్యాలను 7 రకాల నుంచి 21కి పెంచింది. 2011 లెక్క మాత్రం 8 రకాలతోనే సరిపెట్టింది.

నా తప్పూ ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో, చూపులేని ఒక మాస్టారు చెక్కుబుక్కు అడిగితే కుదరదన్నాను. డబ్బు తీయాలన్నా సాక్షిని తెచ్చుకోమన్నాను. "నా జీతం నేను తీసుకోడానికి ఇంకొకరి సంతకమా బాబూ?" అన్నారాయన. నిబంధన చూపించాను. చూపులేనివారికి చెక్కుబుక్కు, ఏటీఎం వంటి సౌకర్యాలు నిరాకరించరాదని రిజర్వు బ్యాంకు 2008 జూన్ 4న ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికి ఆ మాస్టారు ఊరు వదిలి వెళ్లిపోయారు.

2027 జనాభా లెక్కలకు మనిషి వచ్చినప్పుడు మాతృభాష తెలుగని గట్టిగా చెబుదాం. వెనక గదిలో కూర్చోబెట్టిన పిల్లవాడి సంగతి కూడా సిగ్గుపడకుండా చెబుదాం. గడిలో పడనివారికి పద్దు రాయరు.