వంశవృక్షం చేతబట్టి

ఓస్లోలో కార్ల్ ముల్లర్ అనే వైద్యుడికి 1930లలో ఒక పొందిక కనబడింది. మడమ వెనక, మోచేతుల మీద, కనురెప్పల మీద పసుపుపచ్చ బుడిపెలున్న వాళ్లలో చాలామందికి చిన్న వయసులోనే గుండెనొప్పి వస్తోంది. వాళ్ల రక్తం పరీక్షిస్తే కొలెస్టరాల్ మితిమీరి ఉంటోంది. ముల్లర్ మందు రాసి పంపెయ్యలేదు, ఇంటివాళ్ల గురించి ఆరా తీశాడు. 17 కుటుంబాల్లో 76 మందిని చూస్తే 68 మందిలో గుండెజబ్బు లక్షణాలు తేలాయి. ఇది తరాల వెంట దిగివస్తున్న జబ్బని 1938లోనూ ఆ మరుసటి ఏడూ రాశాడు. తర్వాతి దశాబ్దాల్లో ఈ జబ్బు గురించి శాస్త్రం చాలా తెలుసుకుంది గాని, రోగి వెంట అతని ఇంటిదాకా వెళ్లే పని మాత్రం వెనకబడిపోయింది.

1964లో బేరూత్‌లో పనిచేస్తున్న అవేదిస్ ఖచదూరియన్ వంశపు లెక్క తేల్చాడు. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు ఎక్కువగా జరిగే లెబనాన్‌లో ఈ జబ్బు రెండు మోతాదుల్లో కనబడింది. తల్లిదండ్రుల్లో ఒక్కరికే లోపమున్న జన్యువు ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగం. ఇద్దరికీ ఉంటే, బిడ్డకు రెండు వైపుల నుంచీ సంక్రమించే అవకాశం నాలుగో వంతు. ఈ తీవ్రరూపం ఉన్న పిల్లల్లో చిన్నతనంలోనే బుడిపెలు లేస్తాయి, ఇరవై ఏళ్లు నిండకుండానే గుండెపోటు రావచ్చు. మేనరికాలు కొత్త కాని మనకు కూడా ఈ లెక్క వర్తిస్తుంది.

ఆ జన్యువు చెడితే ఒంట్లో జరిగేదేమిటో డల్లస్‌లో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ 1973-74లో కనిపెట్టారు. రోగుల చర్మకణాలను పెంచి చూస్తే, రక్తంలోని ఎల్‌డీఎల్ కొలెస్టరాల్‌ను పట్టి లోపలికి తీసుకునే గ్రాహకాలు తీవ్రరూపం ఉన్నవాళ్ల కణాల్లో పనిచేయడం లేదు. తల్లిదండ్రుల కణాల్లో అవి సగమే ఉన్నాయి. కాలేయం తీసుకోవలసినది తీసుకోక కొలెస్టరాల్ రక్తంలోనే ఉండిపోతుంది. అది కూడా పుట్టిన నాటి నుంచి. అందుకే నెయ్యి మానేసినా, రోజూ నడిచినా ఇక్కడ సరిపోదు. 1985లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది.

మందు మాత్రం మరో దారిన వచ్చింది. టోక్యోలో సాంక్యో కంపెనీలో పనిచేసే అకీరా ఎండో వేల రకాల బూజులు పరీక్షించగా, క్యోటోలోని ఒక ధాన్యం దుకాణంలో బియ్యం మీద పట్టిన బూజులో కొలెస్టరాల్ తయారీని ఆపే పదార్థం దొరికింది. అది 1973 నాటి మాట. ఎలుకల మీద అది పనిచేయలేదు, కోళ్ల మీద పనిచేసింది. 1978లో ఒసాకాలో అకీరా యమమోతో తీవ్రరూపం ఉన్న పద్దెనిమిదేళ్ల అమ్మాయికి ఆ మందిచ్చాడు. కొలెస్టరాల్ తగ్గింది గాని కండరాలు నీరసించాయి, మోతాదు తగ్గించాల్సి వచ్చింది. స్టాటిన్లు అనే ఇదే వర్గానికి చెందిన లోవాస్టాటిన్‌కు 1987లో అమెరికాలో అనుమతి దొరికింది.

అలా జబ్బూ తెలిసింది, మందూ వచ్చింది. ఆ జబ్బున్న వాళ్లలో చాలామందికి మాత్రం అది తమకుందని తెలియదు. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే ఘట్టం ఇక్కడే మొదలవుతుంది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో రోజర్ విలియమ్స్ అనే వైద్యుడు 1980లలో హైస్కూలు పిల్లలకు కాగితాలిచ్చి, ఇంట్లో ఎవరికి ఏ వయసులో ఏ జబ్బు వచ్చిందో తల్లిదండ్రులను అడిగి నింపుకు రమ్మన్నాడు. తాతల సంగతి రాబట్టడానికి మనవలను మించిన వాళ్లుండరు!

దీన్ని దేశవ్యాప్త కార్యక్రమంగా నడిపింది నెదర్లాండ్స్. 1994 నుంచి అక్కడ ఒక రోగిలో జన్యులోపం నిర్ధారణ కాగానే శిక్షణ పొందిన నర్సు వంశవృక్షం గీసుకుని, బంధువుల ఇళ్లకే వెళ్లి రక్తం తీసుకునేది. ఒకరిలో లోపం దొరికితే వాళ్ల పిల్లలు, తోబుట్టువులు, ఆ తర్వాత పినతండ్రుల పిల్లలు. మొదటి ఐదేళ్లలో 237 మంది రోగుల ఆధారంగా 5,442 మంది బంధువులను పరీక్షిస్తే 2,039 మందిలో ఆ లోపం బయటపడింది. పరీక్ష నాటికి వాళ్లలోని పెద్దవాళ్లలో మందులు వాడుతున్నది 39 శాతం, ఏడాది తిరిగేసరికి 93 శాతం. జీవితబీమా ప్రీమియం పెరుగుతుందేమోనన్న జంకు అక్కడి వాళ్లకూ ఉండేది. జబ్బు పేరు బయటపడితే పెళ్లి సంబంధాలు ఏమవుతాయోనని మనవాళ్లకు ఉండే బెంగ లాంటిదే అదీ.

స్లొవేనియా వేరే పద్ధతి ఎంచుకుంది. 1995 నుంచి అక్కడ ఐదేళ్ల పిల్లలందరికీ మామూలు ఆరోగ్య పరీక్షతోపాటే కొలెస్టరాల్ కూడా చూసే పద్ధతి మొదలైంది. అమెరికా నిపుణుల సంఘం 2011లో 9-11 ఏళ్ల మధ్య పిల్లలందరికీ ఒకసారి చూడమంది. ఇంత చిన్నవాళ్లకు మందులా అని నొసలు చిట్లించేవాళ్లకు 2019లో డచ్చి పరిశోధకులే లెక్క చూపించారు. చిన్నప్పుడే స్టాటిన్ మొదలుపెట్టిన 214 మందిని ఇరవై ఏళ్లు గమనిస్తే, 39 ఏళ్లు వచ్చేసరికి గుండెజబ్బు బారిన పడింది ఒక శాతం. ఇదే జబ్బున్న వాళ్ల తల్లిదండ్రుల్లో అదే వయసుకు 26 శాతం.

ఒకప్పుడు 500 మందిలో ఒకరికి ఉంటుందనుకున్న ఈ జబ్బు ఇప్పటి అంచనాల ప్రకారం 250-300 మందిలో ఒకరికి ఉంది. దీని అవగాహన దినం సెప్టెంబర్ 24. ఐదు రోజుల తర్వాత వచ్చే ప్రపంచ హృదయ దినానికి మన ఊళ్లలో జరిగే హడావుడిలో నూనె, నడక, సిగరెట్ల ప్రస్తావనే తప్ప, 'మీ నాన్నకు ఏ వయసులో గుండెపోటు వచ్చింది?' అన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. మందు వాడని మగవాళ్లలో దాదాపు సగం మందికి యాభై ఏళ్లలోపే గుండెజబ్బు వచ్చే వంశాలివి. పెద్దల్లో ఎల్‌డీఎల్ 190 దాటినా, ఇంట్లో గుండెజబ్బు చరిత్ర ఉన్న పిల్లల్లో 160 దాటినా అనుమానించాలి.

రెండు వైపుల నుంచీ జన్యువు వచ్చిన పిల్లలను మన దేశంలో చాలాసార్లు ముందుగా తీసుకెళ్లేది చర్మవైద్యుల దగ్గరికి, బుడిపెలు చూపించడానికి. ఆ డాక్టరు బిడ్డకు లిపిడ్ ప్రొఫైల్ రాస్తూ అదే చీటీలో అమ్మకూ నాన్నకూ తోబుట్టువులకూ కూడా రాయవచ్చు. చాలా సందర్భాల్లో ఆ పరీక్షకు పరగడుపున రావలసిన పని కూడా లేదు.