తెలుగునాట వ్యవహారగణిత బోధనము

క్రయవిక్రయములు, వడ్డీలు, కూటవ్యాపారములు, కొలతలు, తూనికలు మున్నగు నిత్యకృత్యములకు వలసిన లెక్కలను ఈ వ్యాసమున వ్యవహారగణితమని పేర్కొనుచున్నాము. తెలుగు పిల్లలకు ఈ విద్యను పూర్వులు ఎట్లు నేర్పిరి? ఏ గుణముచేత అది బ్రతుకునకు అక్కఱకు వచ్చెను? అది ఎవరికి అందలేదు? ఈ మూడు ప్రశ్నలను పరిశీలింపదలచితిమి.

తెలుగున గణితగ్రంథములలో మొదటిదిగా పేర్కొనబడుచున్నది పావులూరి మల్లన రచించిన సారసంగ్రహగణితము. పావులూరి గణితమని దానికి ప్రసిద్ధి. కవి 11వ శతాబ్ది మధ్యమువాడని కొందఱును, 12వ శతాబ్ది ఆరంభమువాడని కొందఱును తలచుచున్నారు. దీనికి మూలము రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్ష నృపతుంగుని కాలమున, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహము. రంగాచార్యులవారు దీనిని ఆంగ్లానువాదముతో 1912లో మద్రాసున ప్రకటించిరి. త్రైరాశికము, వడ్డీతో కలిసిన మొత్తమునుండి అసలును వేఱుచేయుట, కూటవ్యాపారమున లాభమును పెట్టుబడులనుబట్టి పంచుట, వేర్వేఱు వన్నెల బంగారమును కలిపినపుడు ఏర్పడు వన్నెను నిర్ణయించుట మున్నగునవి ఇందు కలవు. ఇవి పండితులకంటె ముందుగా వర్తకునకును, కంసాలికిని, అప్పు పుచ్చుకొనువానికిని కావలసినవి.

మల్లన మూలమును ఉన్నది ఉన్నట్లు తెనిగింపలేదు. కొన్నిటిని విడిచి, కొన్నిటిని చేర్చి, జైనసంబంధమగు ఉదాహరణములకు మాఱుగా శైవసంబంధమగు వానిని నిలిపెను. లెక్కకు సూత్రమెంత ముఖ్యమో, అది విద్యార్థి ఎఱిగిన లోకమునుండి పుట్టుటయు అంత ముఖ్యమని ఆయన గ్రహించినట్లు తోచుచున్నది. పద్యరూపమున ఉండుటచేత సూత్రము ధారణకును అనుకూలించెను.

గ్రంథమునుండి బడికి వత్తము. మద్రాసు గవర్నరగు మన్రో 1822లో దేశీయ పాఠశాలల స్థితిని తెలుపుడని కలెక్టర్లను కోరెను. బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17న పంపిన సమాధానము వీధిబడుల చరిత్రకు విలువైన ఆధారము. 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించినవాడు ఈయనయే. నేటి అనంతపురము ప్రాంతము నాడు బళ్లారి జిల్లాలోనిదే. జిల్లాలోని 533 బడులలో 226 తెలుగు బడులు. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దెడివారు. పెద్ద విద్యార్థులు చిన్నవారికి చెప్పెడివారు. కూడికలు, ఎక్కములు, కొలతల పట్టికలు, భిన్నములు నోటికి వచ్చునట్లుగా దినమునకు రెండుసార్లు వరుసలలో నిలిచి వల్లించెడివారు. ఆ భిన్నములు పదింటిచొప్పున కాక నాలుగింటిచొప్పున దిగుచుండెనని క్యాంబెల్ ప్రత్యేకముగా గుర్తించెను.

ఈ నాలుగింటి క్రమము వ్యర్థశ్రమ కాదని మా అభిప్రాయము. కాలు అనగా నాలుగవ పాలు. వీసము అనగా దానిలో నాలుగవ పాలు, అనగా పదునాఱవ వంతు. ధాన్యమునకు నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము. కావున మానిక తూములో వీసము. రూపాయికి 16 అణాలు చెల్లినంతకాలము అణా రూపాయిలో వీసము. తూము ధర ఎన్ని రూపాయలో మానిక ధర అన్ని అణాలు. తూము ఐదు రూపాయలైనచో మానిక ఐదు అణాలని బడిపిల్లవాడు పలక పట్టకయే చెప్పగలడు. బడిలెక్కయు అంగడిలెక్కయు ఒక్కటియే.

అయినను ఈ పద్ధతిని పొగడుటతో సరిపెట్టుట చరిత్రకు న్యాయము కాదు. 9,27,857 మంది జనముగల ఆ జిల్లాలో బడులలో చదువుచున్నవారు 6,641 మంది మాత్రమే. అనగా వేయింటికి ఇంచుమించు ఏడుగురు మాత్రమే. వారిలో బాలికలు 60 మంది. పిల్లలు అర్థము తెలియకయే పాఠములను వల్లించుచుండిరని క్యాంబెల్ ఆక్షేపించెను. లెక్క తెలిసినవాడు వ్రాసిన పత్రముపై లెక్క తెలియనివాడు వ్రేలిముద్ర వేయవలసి వచ్చుటకు మూలము ఇచ్చటనే ఉన్నది.

1957 ఏప్రిల్ 1న రూపాయి నూఱు నయాపైసలుగా విభజింపబడెను. 1958 అక్టోబరు 1 నుండి మెట్రిక్ తూనికలు క్రమముగా అమలునకు వచ్చెను. వీసము ఆఱుంబావు పైసలైనందున పాత పట్టికలకు పనిలేకపోయెను. దశాంశపద్ధతి సులభము, దేశమంతటికిని ఒక్కటియే కొలత ఏర్పడుట మేలు. కాని పాత పట్టికలతోపాటు, పిల్లవాడు ఇంటిలోను అంగడిలోను వినుమాటలతోనే లెక్క నేర్పు అలవాటును కూడ బడి చాలవఱకు విడిచినది.

ఇందువలని నష్టము నేటికిని కనబడుచున్నది. తెలుగునాట వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుదురు; పాఠ్యపుస్తకము సంవత్సరమునకు నూటికి ఇంత అని చెప్పును. రెండు రూపాయల వడ్డీ అనగా ఏటికి నూటికి ఇరువదినాలుగని పోల్చుకొనలేని యువకులు పెక్కండ్రు. ఒక ఉదాహరణము చూతము. 12,000 రూపాయలను రూపాయి వడ్డీకి తెచ్చి, నెలకు వేయి చొప్పున అసలును ఏడాదిలో తీర్చుచున్నాడనుకొందము. మిగిలిన బాకీపైననే వడ్డీ కట్టినచో మొదటి నెల 120, రెండవ నెల 110, ఇట్లు తగ్గుచు మొత్తము 780 రూపాయలగును. మొదటి అసలుపైననే పండ్రెండు నెలలును వడ్డీ కట్టినచో 1,440 రూపాయలగును. మాటలో రెండును రూపాయి వడ్డీయే. చేతినుండి పోవునది మాత్రము 660 రూపాయలు ఎక్కువ.

ఇట్టి ప్రశ్నను బాలురకును బాలికలకును బడిలోనే, వారు వినెడి మాటలలో, కారణము తెలియునట్లు చెప్పవలెను. మల్లన మూలమును తన కాలమునకు, తన నాటికి తగినట్లు మార్చుకొనెను. వీధిబడి అంగడిలెక్కను ప్రతిదినము నోట పలికించెను. ఈ రెండు గుణములను గ్రహించి, వీధిబడి అందఱికిని అందింపజాలని విద్యను అందఱికిని అందించుట నేటి ఉపాధ్యాయుల పని.