చెత్త మీద హక్కు ఎవరిది?

నగరాల చరిత్రలో కోటలు కట్టినవాళ్ళుంటారు, మిల్లులు పెట్టినవాళ్ళుంటారు. ఊరు పారేసిన దాంట్లోంచి మళ్ళీ పనికొచ్చేదాన్ని ఏరి తీసిన ఆడవాళ్ళ ఊసు మాత్రం ఉండదు. అందుకే పూణె నగరంలో చిత్తుకాగితాలు ఏరే స్త్రీలు సంఘం కట్టుకున్న కథని నేను శ్రామిక చరిత్రగానే చదువుతాను.

1972లో మహారాష్ట్రలో పెద్ద కరువొచ్చింది. బతుకుతెరువు వెతుక్కుంటూ పల్లెలొదిలి పూణె చేరిన దళిత స్త్రీలలో ఎంతోమందికి దొరికిన ఆధారం చెత్తకుండీ. కాగితం, గాజు, రేకు ఏరి పాతసామాన్ల కొట్లో అమ్ముకునేవాళ్ళు. నగరానికి చెత్త మోసే బరువు తగ్గించి, పరిశ్రమలకి ముడిసరుకు అందించారు. అయినా దాన్నెవరూ పని అనలేదు. దొంగలేమోనన్న అనుమానం, అంటరానితనం, కుళ్ళులో కోసుకుపోయిన చేతులు - వాళ్ళకి మిగిలినవి ఇవి.

1990 ప్రాంతంలో ఎస్.ఎన్.డి.టి. మహిళా విశ్వవిద్యాలయం నుంచి పూర్ణిమా చికర్మానే, లక్ష్మీ నారాయణ్ వయోజన విద్య పేరుతో వాళ్ళ మధ్యకి వెళ్ళారు. అక్షరాలతో మొదలైన మాటలు పని దగ్గరికొచ్చాయి. ఇళ్ళలోనే తడి చెత్త, పొడి చెత్త వేరుచేసి చేతికిస్తే కుండీలో చెయ్యి పెట్టాల్సిన అవసరమేముంది? హమాలీల నాయకుడు బాబా ఆఢావ్ అండగా నిలిచారు. 1993లో 'కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్' పుట్టింది. కాగితం, గాజు, రేకు ఏరే కష్టజీవుల సంఘమని ఆ పేరుకి అర్థం. కొన్నాళ్ళకే మున్సిపాలిటీ ఆమోదించిన గుర్తింపు కార్డులు సాధించుకున్నారు.

2000లో వచ్చిన చెత్త నిర్వహణ నిబంధనలు ఇంటింటి సేకరణ జరగాలన్నాయి. ఆ పని కాంట్రాక్టర్ల బళ్ళకి పోతే ఈ స్త్రీల నోటి దగ్గర కూడు పోతుంది. 2008లో వాళ్ళ సహకార సంఘం 'స్వచ్ఛ్' కార్పొరేషన్‌తో ఒప్పందం చేసుకుంది. ఇంటివాళ్ళు నెలనెలా రుసుము ఇస్తారు, ఏరిన సామాను అమ్మితే వచ్చే డబ్బు ఏరినవాళ్ళదే.

అయితే గడప లోపలి సంగతి కూడా మాట్లాడుకోవాలి. మా ఇంట్లో చెత్త వేరుచేసేది నేనే. చాలా ఇళ్ళలో అది ఆడవాళ్ళకి అంటగట్టిన ఇంకో జీతం లేని చాకిరీ. మనం సిగ్గుపడి దాచి పారేసే శానిటరీ ప్యాడ్‌ని వట్టి చేతులతో వేరుచేసేది ఇంకో ఆడమనిషి. 2013లో పూణె స్త్రీలు వాడిన ప్యాడ్లని సంచుల్లో నింపి తయారుచేసిన కంపెనీలకే తిప్పి పంపారు. పారేసేటప్పుడు చుట్టడానికి కంపెనీలే కవర్లివ్వాలని 2016 నిబంధనలు చెప్పాయి.

చెత్తని ఎలా వదిలించుకోవాలా అని నగరం ఆలోచించింది. దాని మీద బతికేవాళ్ళ హక్కేమిటని ఈ స్త్రీలు అడిగారు. పర్యావరణం గురించి మాట్లాడే మనం ముందుగా జవాబు చెప్పాల్సింది వాళ్ళ ప్రశ్నకే.